పదకొండో నంబరు జోలపాట

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. గొప్పకి చెప్పడం లేదు, దీనివల్ల నాకు జరిగే నష్టం చెబుతున్నాను. మిక్సీ పాడైతే నన్నే చూస్తారు. ఎవరికి గోరుచుట్టు లేచినా "చదువుకున్నవాడివి కదా, నువ్వు చెప్పు" అంటారు. నేను చదివింది చరిత్ర, రాజనీతి, మనస్తత్వశాస్త్రం. ఆ మూడింట్లో గోరుచుట్టు ఎక్కడా రాలేదు.

అందుకే మా అమ్మని ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినప్పుడు, "మరి ఈ వారం పిల్లని ఎవరు చూస్తారు?" అనగానే అందరూ నావైపే తిరిగారు. అందరూ అంటే ఇద్దరే. మా అమ్మ, మా ఆవిడ.

మా అమ్మ ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి మూడేళ్ళ క్రితం రిటైరైంది. ఉద్యోగం ఆవిణ్ణి వదిలింది గానీ ఆవిడ ఉద్యోగాన్ని వదల్లేదు. వంటింట్లో ముగ్గురం ఒకేసారి నిలబడితే చాలు, "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటుంది. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, తీసేయాలి అని డాక్టరు చెబితే, "ముప్పై ఏళ్ళు చిల్లర మోశాను కదండీ, కొంత లోపలికి పోయుంటుంది" అంది. డాక్టరు నవ్వలేదు. ఆవిడ పట్టించుకోలేదు.

మా పాపకి రెండున్నరేళ్ళు. మా అమ్మ దాన్ని అరటికెట్టు, అంటే అర టికెట్టు, అని పిలుస్తుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే అది వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవరో వచ్చారనుకుని. తినడం, నిద్ర, స్నానం, అలక, అన్నీ నానమ్మతోనే. మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున్న ఆరింటికి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి వస్తుంది. నేను జనన మరణాల నమోదు ఆఫీసులో జనన విభాగం. రోజుకి అరవై మందిని కాగితం మీద తండ్రుల్ని చేస్తాను. నేను ఆఫీసుకి బయల్దేరేటప్పుడు పాప గుమ్మంలో నిలబడి, మా అమ్మ నేర్పినట్టే, తలుపు మీద రెండుసార్లు కొట్టి "రైట్ రైట్" అంటుంది. నేను మెట్లు దిగకముందే లోపలికి పోతుంది.

ఒక్కరోజైనా ఏడవదు. నా బాధ అదే.

మా డిగ్రీ పుస్తకంలో "అనుబంధం" అని ఒక పాఠం ఉంది. తల్లో తండ్రో గదిలోంచి బయటికి వెళ్తే బిడ్డ ఏం చేస్తుంది అని పరిశోధన చేశారట. అనుబంధం ఉన్న బిడ్డ ఏడుస్తుందట. ఆ పాఠంలో అక్కడిదాకా అండర్‌లైన్ చేసుకున్నాను. ఆ తరవాతి పేజీలు పరీక్షకి రావన్నారు.

"దానికి నేనెవరో పట్టదు. నేను వెళ్తుంటే దాని కళ్ళలో చుక్క నీరు లేదు," అన్నాను ఓరోజు.

"ఏడిస్తే ఏడుస్తోందని ఆఫీసుకి లేటుగా వెళ్తారు. ఏడవకపోతే ఏడవట్లేదని ఇంట్లో కూర్చుని నన్ను ఏడిపిస్తారు," అంది మా ఆవిడ.

సెలవు అడగడానికి వెళ్తే మా సూపరింటెండెంటు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పిల్లని చూసుకోడానికా? రెండున్నరేళ్ళు కదయ్యా దానికి. నీకు ఇప్పుడు పుట్టిందా?"

ఆయన వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం సరిగ్గా అదే అనిపించింది. ఈ వారంలో దానికి నేను తండ్రిగా పుట్టాలి. లేకపోతే రిజిస్టర్లో పేరుగానే ఉండిపోతాను. సీరియస్‌గా ఒక టైంటేబుల్ రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఎనిమిదింటికి కళ్ళలోకి చూసి మాట్లాడుట. పదింటికి ఉమ్మడిగా ఆడుకొనుట. ఒంటిగంటకి భోజనం. ఒకటిన్నరకి నిద్ర.

మా ఆవిడ చదివి, "కళ్ళలోకి చూడ్డం నాకూ ఒక అరగంట వేయండి, ఏళ్ళయింది," అని ల్యాబ్‌కి వెళ్ళిపోయింది.

మొదటిరోజు ఎనిమిదింటికి కళ్ళలోకి చూశాను. అది నా కళ్ళజోడు లాక్కుంది. పదింటికి ఉమ్మడిగా ఆడుకున్నాం, అంటే కళ్ళజోడు కోసం ఇల్లంతా పరిగెత్తాను. ఒంటిగంటకి ముద్ద కలిపి పెట్టబోతే నోరు మూసుకుంది.

"నానమ్మేది?"

"ఆసుపత్రిలో ఉందమ్మా."

"బస్సెక్కిందా?"

"ఆఁ, ఎక్కింది."

"దిగమను."

దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. అరటిపండు ఇచ్చి గండం గట్టెక్కాను.

అసలు యుద్ధం ఒకటిన్నరకి మొదలైంది. భుజాన వేసుకుని తడితే ఏడుపు. పడుకోబెట్టి తడితే ఏడుపు. నాకు వచ్చిన పాటలు రెండే, రెండూ పాడాను. రెండో పాటకి పక్కింటాయన కిటికీ వేసుకున్నాడు. నేను వెళ్తుంటే చుక్క రాల్చని పిల్ల నేను ఉన్నందుకు బకెట్లు నింపుతోంది. ఏడ్చి ఏడ్చి అదే నా మొహం మీద చెయ్యి పెట్టి, గద్దించినట్టు అంది: "పాత గడియారం!"

"ఏ గడియారం తల్లీ?"

"పాత గడియారం! పాత గడియారం!"

అప్పుడు వెలిగింది. సెలవురోజుల్లో మధ్యాహ్నం పాపని నిద్రపుచ్చడానికి మా అమ్మ గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకుంటుంది. లోపల్నుంచి సన్నగా గొణుగుడు వినిపిస్తుంది. దేవుడి స్తోత్రం అనుకునేవాణ్ణి. రిటైరయ్యాక భక్తి వచ్చిందని మా ఆవిడతో కూడా అన్నాను. భక్తీ కాదు, పాడూ కాదు. పదకొండో నంబరు బస్సు స్టాపులు! ముప్పై ఏళ్ళు అరిచిన స్టాపుల్నే గొంతు తగ్గించి జోల పాడుతోంది.

అమ్మని అడుగుదామంటే అప్పుడే ఆపరేషనై మత్తులో ఉంది, ఫోను నర్సు దగ్గరుంది. మరేం ఫరవాలేదు, చదువుకున్నవాణ్ణి. ఫోన్లో రవాణా సంస్థ వాళ్ళ రూటు పట్టిక తీశాను. పాపని భుజాన వేసుకుని, ఒక చేత్తో తడుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని మొదలుపెట్టాను.

"డిపో... పాత గడియారం..."

ఏడుపు ఆగింది. నా భుజం మీద తల వాల్చింది. నాకు ఒళ్ళు పులకరించింది.

"పాలకేంద్రం... కోర్టు..."

తల లేచింది. నా మొహంలోకి చూసి, స్పష్టంగా, ఒక్కో అక్షరం విడివిడిగా అంది: "ఏడుపుగొట్టు!"

"ఎవరమ్మా ఏడుపుగొట్టు?"

"ఏడుపుగొట్టు!" మళ్ళీ రాగం.

మొదట్నుంచి మొదలుపెట్టాను. డిపో, పాత గడియారం, పాలకేంద్రం, కోర్టు. "ఏడుపుగొట్టు!" ఇంకోసారి. ఇంకోసారీ అదే మాట. నాలుగోసారికి నిజంగానే నాకు ఏడుపొచ్చే పరిస్థితి వచ్చింది. సాయంత్రం మా ఆవిడ వచ్చేసరికి పాప ఏడ్చి ఏడ్చి సోఫా కింద బోర్లాపడి నిద్రపోతోంది. నేను పక్కనే చతికిలబడి ఉన్నాను.

"అది నన్ను ఏడుపుగొట్టు అంటోంది," అన్నాను.

మా ఆవిడ చెప్పులు విప్పుతూ, "రెండున్నరేళ్ళకే మనిషిని బాగా అంచనా వేసిందే. నాకు పెళ్ళయ్యాక ఏడాది పట్టింది," అంది.

రెండోరోజు పద్ధతి మార్చాను. బిడ్డ మన ముఖకవళికల్ని గమనిస్తుందని పాఠంలో ఉంది. సరే అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ స్టాపులు చదివాను. పాలకేంద్రం దాకా నవ్వాను. కోర్టు దగ్గర కూడా నవ్వాను. "ఏడుపుగొట్టు" అని నా చెంప మీద ఒకటిచ్చింది.

మూడోరోజు మా ఆవిడకి వారపు సెలవు. పాపని ఆవిడకి అప్పగించి ఆసుపత్రికి వెళ్ళాను. అమ్మని చూద్దామని వెళ్ళానని చెప్పాలి. నిజానికి దెబ్బలాడదామని వెళ్ళాను.

అమ్మ వార్డులో మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. పక్క మంచం వాళ్ళ చుట్టాలు పదిమంది దారికి అడ్డంగా నిలబడితే, వాళ్ళని లోపలికి జరుపుతోంది.

"అరటికెట్టు ఎలా ఉందిరా? తింటోందా?"

"తింటోంది. తిడుతోంది కూడా. నీ పెంపకం! కన్నతండ్రిని పట్టుకుని ఏడుపుగొట్టు అంటోంది. నువ్వేగా నేర్పింది?"

"నిన్నందా? ఎప్పుడంది?"

"నిద్రపుచ్చుతుంటే. స్టాపులు చదువుతున్నానా, పాలకేంద్రం అయ్యాక కోర్టు అనగానే..."

అమ్మ మొహం అదోలా అయింది. పెదాలు బిగబట్టింది. కాసేపు ఆపుకుంది గానీ ఇక ఆగలేదు. కడుపు రెండు చేతులతో పట్టుకుని, "అమ్మో, కుట్లు, నా కుట్లు" అంటూ నవ్వడం మొదలెట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేశారండీ ఆవిణ్ణి?"

"నేనేం చేయలేదండీ, ఫిర్యాదు చేశానంతే."

"కుట్లు ఊడితే మీరే బాధ్యులు," అని నన్ను బోనులో ముద్దాయిని చూసినట్టు చూసి వెళ్ళింది.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. "అది నిన్ను తిట్టలేదురా. నువ్వు స్టాపు ఎగ్గొట్టావు. పాలకేంద్రం తరవాత కోర్టు కాదు. మధ్యలో ఏడుపుగొట్టు స్టాపు ఉంది."

"పట్టికలో లేదే?"

"పట్టికలో ఎందుకుంటుంది? మేం పెట్టుకున్నది. నీ పేరు మీద."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న నాకు ఏడాది నిండకముందే పోయాడు. అమ్మ డ్యూటీకి వెళ్తూ నన్ను పాలకేంద్రం అవతల పిండిమర నడిపే పిన్ని దగ్గర వదిలేది. మాకేం చుట్టం కాదు, పిన్ని అనేవాళ్ళం. ఆ రోజుల్లోంచి నాకు ఒకే ఒక్క జ్ఞాపకం మిగిలింది. ఇనప గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంటాను, ఆకుపచ్చ బస్సు వెళ్ళిపోతూ ఉంటుంది, బస్సులో అమ్మ ఉంటుంది. అంతే. పెళ్ళికి ముందు ఈ జ్ఞాపకం చెప్పే మా ఆవిడ దగ్గర బోలెడంత జాలి సంపాదించాను. డిగ్రీలో ఆ పాఠం చదివాక నా లోపాలన్నిటికీ, లెక్కల్లో తప్పడం సహా, ఆ బస్సే కారణమని తేల్చుకున్నాను.

"నువ్వు నన్ను వదిలేసి వెళ్ళిపోయేదానివి. బస్సు వెళ్ళిపోవడం నాకింకా గుర్తుంది," అన్నాను. వార్డులో అనాల్సిన మాట కాదు. ముప్పై ఏళ్ళుగా నోట్లో పెట్టుకుని ఉన్నాను, అదే బయటపడింది.

"వెళ్ళడం ఒక్కటే గుర్తుందా? ఆగితేనే కదరా వెళ్ళేది!" అంది అమ్మ. "రోజుకి ఎనిమిది ట్రిప్పులు. పోనూ నాలుగు, రానూ నాలుగు. ప్రతి ట్రిప్పుకీ ఆ గేటు ముందు అర నిమిషం ఆపేవాడు డ్రైవరన్నయ్య. నేను ఫుట్‌బోర్డు మీదికొచ్చి నిలబడేదాన్ని. నువ్వు గేటు పట్టుకుని ఊరు ఎగిరిపోయేలా ఏడ్చేవాడివి."

"ఎనిమిదిసార్లూ ఏడ్చానా?"

"రానూ ట్రిప్పులో అవతలి పక్క కదా, బస్సు కాస్త దూరం. అప్పుడు కొంచెం తగ్గించేవాడివి."

"మరి జనం ఏమీ అనేవాళ్ళు కాదా?"

"మొదట్లో సణిగారు. తరవాత వాళ్ళే 'ఏడుపుగొట్టు దగ్గర దిగాలమ్మా' అని టికెట్ అడగడం మొదలెట్టారు. నేను సెలవులో ఉన్నప్పుడు నా బదులు వెళ్ళిన కండక్టరు డిపోకొచ్చి తల పట్టుకున్నాడు, ఈ స్టాపు చార్టులో ఎక్కడుందని. ఊళ్ళో స్టాపులకి పెద్దపెద్దవాళ్ళ పేర్లు పెడతారు. ఊరికే ఏడ్చి స్టాపు సంపాదించినవాడివి నువ్వొక్కడివే."

పక్క మంచం చుట్టాలు పదిమందీ నన్నే చూస్తున్నారు. ఒకాయన నవ్వాడు కూడా.

"ఒక్కసారి దిగి ఎత్తుకోవచ్చుగా?" అన్నాను, గొంతు తగ్గించి.

అమ్మ దుప్పటి అంచు సరిచేసుకుంది. "మొదటి వారం దిగాను. నిన్ను నా మెడ మీంచి ఊడదీయడానికి డ్రైవరన్నయ్యా ఇద్దరు ప్యాసింజర్లూ కావాల్సొచ్చారు. నా సంచి పట్టీ తెంపావు. బస్సు కదిలాక ఇంకో గంట ఏడ్చేవాడివట. అప్పుడు పిన్నే చెప్పింది. దిగకు, కనబడి పో, అని. అప్పట్నుంచీ కనబడి పోయాను. నాలుగేళ్ళు."

నర్సు వచ్చి టైమైపోయిందంది.

ఆ మధ్యాహ్నం పాపని భుజాన వేసుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది, టికెట్ కొని వచ్చినట్టు. "డిపో. పాత గడియారం. పాలకేంద్రం." ఒక్క క్షణం ఆగాను. ముప్పై మూడేళ్ళవాడు, డిగ్రీ చదివినవాడు, తన నోటితో తనే అనాలి. "ఏడుపుగొట్టు."

పాప తల లేవలేదు. చేతి బొటనవేలు నోట్లో పెట్టుకుంది. "కోర్టు. ఆడపిల్లల కాలేజీ." పెద్దాసుపత్రి దగ్గరికొచ్చేసరికి మెడ మీద వెచ్చగా చొంగ కారింది. నేను ఆపలేదు. గ్యాస్ గోడౌన్, కట్టెల అడితి, వాటర్ ట్యాంకు, ఆఖరి స్టాపు దాకా వెళ్ళాను.

"రానూ ట్రిప్పు కూడా వేస్తారా?" అంది మా ఆవిడ. అంది గానీ ఆ గొంతులో వెటకారం సరిగ్గా కుదర్లేదు.

తరవాతి నాలుగు రోజులూ నేనేదో గెలిచినవాడిలా తిరిగాను. ముద్ద తింది. నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. మోకాలు కొట్టుకుంటే వాళ్ళమ్మ పక్కనే ఉన్నా నా దగ్గరికొచ్చి చూపించింది. ఆ మోకాలికి మందు రాస్తూ నేను పడ్డ సంతోషం బయటికి చెప్పుకునేది కాదు. టైంటేబుల్ కాగితం ఎప్పుడు చింపి పడవ చేసిందో కూడా గమనించలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్న మా ఆవిడ అమ్మని ఆటోలో తీసుకొచ్చి దింపి, అదే ఆటోలో ల్యాబ్‌కి వెళ్ళింది. నేను పదకొండింటికి ఆఫీసులో చేరాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాను. అమ్మ మెల్లగా గోడ పట్టుకుని వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. మనిషి సగమైంది. కూర్చోగానే రెండు చేతులూ చాపింది.

"ఏయ్ అరటికెట్టూ! రా!"

పాప నా కాళ్ళ వెనక్కి పోయింది. మొహం నా ప్యాంటులో దాచుకుంది.

"ఎవరమ్మా ఆవిడ?" అన్నాను.

"ఎవరో," అంది ప్యాంటులోంచి.

ఉన్నమాట చెప్పాలి. ఒక్క క్షణం నాకు ఆనందమేసింది. నన్నే పట్టుకుంది! అమ్మ వచ్చినా నా దగ్గరే ఉంది! ఆ తరవాత అమ్మ మొహం చూశాను. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక స్టాండులో మిగిలిపోయిన ప్యాసింజరు మొహం అది. చేతులు ఇంకా చాపే ఉన్నాయి. దించడం మర్చిపోయింది.

నా ఆనందం అక్కడే దిగిపోయింది.

"నానమ్మే కదమ్మా, వెళ్ళు," అన్నాను.

"నాకొద్దు."

"వద్దులేరా, బలవంతం చెయ్యకు," అంది అమ్మ. ఎనిమిది రోజుల్లో ఆ గొంతు అంత చిన్నగా నేను విన్లేదు, ఆసుపత్రి మంచం మీద కూడా.

పాప నా కాళ్ళ సందులోంచి ఒక కన్ను బయటపెట్టి చాలాసేపు చూసింది. తరవాత చరచరా కుర్చీ దగ్గరికి నడిచి, నానమ్మ మోకాలి మీద టపీమని కొట్టింది. మళ్ళీ కొట్టింది. దాని మొహం ఎర్రగా అయిపోయింది, కింది పెదవి బయటికొచ్చింది. వారం రోజులుగా దాచిపెట్టిందంతా ఆ అరచేతిలోంచి వస్తోంది.

"కొట్టు తల్లీ, కొట్టు," అంది అమ్మ. "ఈ పక్క కొట్టు. ఆ పక్క కుట్లున్నాయి."

నాలుగు దెబ్బలయ్యాక పాప ఏడుపు అందుకుంది. ఏడుస్తూనే కుట్లు లేని పక్కనుంచి ఒళ్ళోకి ఎక్కింది. ఎక్కి, నానమ్మ వైపు చూడకుండా, వీపు ఆమెకి ఆనించి, మొహం నావైపు పెట్టి కూర్చుంది. అమ్మ దాని తల మీద గడ్డం ఆనించుకుంది.

"ఇక నేను బయల్దేరతాను," అని వంగి పాప చెంప తుడిచాను. అదే నేను చేసిన పొరపాటు. చెయ్యి చాపి నా చొక్కా అంచు పట్టుకుంది. గుప్పిట బిగించింది. ఒళ్ళు నానమ్మ దగ్గర, గుప్పిట నా దగ్గర. అలాగే వెక్కుతూ వెక్కుతూ కళ్ళు మూసింది.

పది నిమిషాలు వంగే నిలబడ్డాను. నడుము పట్టేసింది. జేబులోంచి ఫోను తీసి సూపరింటెండెంటుకి చేశాను.

"సార్, ఒక గంట పర్మిషన్ కావాలి."

"ఇవాళ జాయినవ్వాలి కదయ్యా! ఏమైంది?"

"చొక్కా పట్టుకున్నారు సార్."

"చొక్కా పట్టుకున్నారా! ఎవరు? ఎంతమంది?"

"ఒక్కరే సార్."

"ఒక్కడే అయితే వదిలించుకుని రావయ్యా. పోలీసుల్ని పంపమంటావా?"

"వద్దు సార్. నేను చూసుకుంటాను," అని పెట్టేశాను.

అమ్మ పాప గుప్పిట వైపు చూసి, "నిద్రపోయిందిరా. ఒక్కో వేలూ మెల్లగా తీసి వెళ్ళు. దానికేం తెలియదు," అంది.

"తెలుస్తుంది," అని కుర్చీ పక్కనే నేలమీద కూర్చున్నాను. ఇస్త్రీ ప్యాంటుతో.

"సరే, అయితే ఆ ఫ్యానన్నా వేసి కూర్చో. ఉడికిపోతున్నాం."

స్విచ్చు ఎదుటి గోడకుంది. లేవకుండా కాలు చాపి చూశాను. అందలేదు. చొక్కా అంతదూరం రాదు. ముగ్గురం చెమటలు కక్కుతూ అలాగే కూర్చున్నాం.